సెయింట్ అగస్టీన్ కోట ఎన్ని చేతులు మారింది? వెళ్తే ఏం చూడాలి?

ఫ్లోరిడా వెళ్తున్నాం, సెయింట్ అగస్టీన్‌లో స్పెయిన్ వాళ్లు కట్టిన కోటకి ఒక పూట కేటాయించొచ్చా, దాని కథేమిటి అని అడిగారు.

తప్పకుండా కేటాయించండి. మేముండేది జాక్సన్‌విల్‌లో. ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా నేను ముందు తీసుకెళ్లేది ఈ కాస్టియో డి శాన్ మార్కోస్‌కే.

స్పెయిన్ వాళ్లు ఇక్కడ ఊరు కట్టింది 1565లో. ఆ తర్వాత వందేళ్లకు పైగా చెక్క కోటలతోనే నెట్టుకొచ్చారు. 1668లో ఇంగ్లీషు సముద్రపు దొంగలు ఊరిమీద పడి దోచుకుపోయాక గానీ రాణి మరియానా రాతికోటకి డబ్బు మంజూరు చెయ్యలేదు. 1672లో మొదలైన పని 1695కి పూర్తయింది. ప్లాను గీసింది ఇంజనీరు ఇగ్నాసియో దాసా. రాళ్లు మోసినవాళ్లలో చుట్టుపక్కల క్రైస్తవ మిషన్ల నుంచి రప్పించిన ఆదివాసులు, ఆఫ్రికన్ బానిసలు, శిక్షపడ్డ ఖైదీలు ఉన్నారు.

లోపలికి వెళ్లేముందు గోడని దగ్గర నుంచి చూడండి. రాయంతా గోరంత గుల్లలే, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. దీన్ని కొకీనా అంటారు, ఎదురుగా ఉన్న అనస్తాసియా దీవిలో తవ్వి పడవల్లో తెచ్చారు. మధ్యలో పెట్టిన సున్నం కూడా గుల్లసున్నమే. చేత్తో రుద్దితే రాలుతుంది, అందుకే ఆనుకోవద్దంటారు, పిల్లలకి ముందే చెప్పండి. ఇంత మెత్తటి రాయే కోటని కాపాడింది. 1740లో ఉత్తరాన ఉన్న ఇంగ్లీషు వలస జార్జియా నుంచి దాని అధిపతి ఓగల్‌థార్ప్ వచ్చి వారాల తరబడి ఫిరంగులు పేలిస్తే, గుండ్లు తడిమట్టిలో దిగబడ్డట్టు గోడలో దిగబడ్డాయి తప్ప గోడ పగల్లేదు. అంతకుముందు 1702లో మరో ఇంగ్లీషు వలస కరోలినా గవర్నరు జేమ్స్ మూర్ ముట్టడించినప్పుడు దాదాపు 1500 మంది, ఊరు ఊరంతా, ఈ నాలుగు గోడల మధ్య సుమారు యాభై రోజులు తలదాచుకున్నారు. పశువుల్ని కందకంలోకి తోలారు. స్పెయిన్ చేతిలో ఉన్న క్యూబాలోని హవానా నుంచి ఓడలు రావడంతో మూర్ వెనక్కి పోయాడు, పోతూ పోతూ ఊరిని తగలబెట్టాడు.

యుద్ధంలో ఎవరూ గెలుచుకోలేని ఈ కోట సంతకాలతో చేతులు మారింది. ఏడేళ్ల యుద్ధంలో ఇంగ్లీషు వాళ్లు హవానా పట్టుకున్నారు. అది తిరిగి దక్కించుకోవడానికి స్పెయిన్ 1763 పారిస్ ఒప్పందంలో ఫ్లోరిడాని వదులుకుంది. (మన బందరు కోట 1759లో ఫ్రెంచి వాళ్ల నుంచి ఇంగ్లీషు వాళ్ల చేతికి పోయింది కూడా ఆ యుద్ధంలోనే.) ఊళ్లోని స్పెయిన్ జనం దాదాపు అందరూ ఇళ్లు వదిలి క్యూబాకి ఓడెక్కారు. ఇరవై ఏళ్ల తర్వాత మరో ఒప్పందంతో మళ్లీ స్పెయిన్, 1821లో అమెరికా. అమెరికా వాళ్లు పేరు కూడా మార్చి ఫోర్ట్ మారియన్ అన్నారు, పాత పేరు తిరిగొచ్చింది 1942లో. అంతర్యుద్ధం మొదలయ్యే ముందు, 1861 జనవరిలో, అమెరికా నుంచి విడిపోబోతున్న ఫ్లోరిడా వాళ్లు కోట స్వాధీనం చేసుకోవడానికి వస్తే లోపలున్నది ఒకే ఒక్క సార్జెంటు. రసీదు రాయించుకుని అప్పగించాడు. ఏడాది తిరిగాక కోట మళ్లీ అమెరికా ప్రభుత్వం చేతికొచ్చింది.

చాలామంది పైకెక్కి ఫిరంగుల దగ్గర ఫోటోలు దిగి వెళ్లిపోతారు. దయచేసి కింద గదుల్లో కాస్త ఎక్కువసేపు ఉండండి. నా దృష్టిలో ఈ కోట అసలు కథ అక్కడే ఉంది. 1837లో ఫ్లోరిడా ఆదివాసులైన సెమినోల్‌ల నాయకుడు ఓసియోలాని తెల్లజెండా కింద మాటలకి పిలిచి పట్టుకుని ఇక్కడ బంధించారు. అతని సహచరుడు కోవాకూచీ సుమారు ఇరవై మందితో తప్పించుకున్నాడు. పైకప్పు దగ్గర ఇరుకు సందులోంచి దూరడానికి తిండి మానేసి ఒళ్లు తగ్గించుకున్నారని చెబుతారు. ఓసియోలాని మరో కోటకి తరలించారు, కొద్ది వారాలకే అక్కడ చనిపోయాడు. 1875లో షయెన్, కయోవా తదితర మైదాన ప్రాంతపు ఆదివాసీ తెగల వాళ్లని డెబ్బై మందికి పైగా ఇక్కడికి తెచ్చారు. కాపలా అధికారి ప్రాట్ వాళ్ల జుట్టు కత్తిరించి, సైనికుల బట్టలు తొడిగి, ఇంగ్లీషు నేర్పించాడు. వాళ్లు మాత్రం లెక్కల పుస్తకాల్లాంటి వాటిలో తమ వేటలు, గుర్రాలు, నృత్యాలు గీసుకున్నారు. ఇక్కడ చేసిన పనినే ప్రాట్ 1879లో ఆదివాసీ పిల్లల కోసం పెట్టిన కార్లైల్ బోర్డింగ్ స్కూలుగా పెంచాడు. 1886లో అపాచీలనే మరో ఆదివాసీ తెగ వాళ్లని ఐదు వందల మంది దాకా బందీలుగా తెచ్చారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలే. కోట పైన గుడారాల్లో ఉంచారు. వాళ్ల పిల్లల్ని కొందరిని తల్లిదండ్రుల నుంచి విడదీసి అదే కార్లైల్‌కి పంపారు. మీ పిల్లలు కాస్త పెద్దవాళ్లైతే ఈ సంగతి దాచకుండా చెప్పండి.

పైన నీడ ఉండదు, పొద్దున్నే వెళ్లండి. సమయం మిగిలితే రెండు మైళ్లు ఉత్తరాన ఫోర్ట్ మోసే కూడా చూడండి. కరోలినా నుంచి పారిపోయి వచ్చిన బానిసలకి స్పెయిన్ స్వేచ్ఛనిచ్చి 1738లో అక్కడ ఊరు కట్టించింది. 1763లో వాళ్లు కూడా స్పెయిన్ వాళ్లతోపాటే క్యూబా వెళ్లిపోయారు.