హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో కీ, టాబో బౌద్ధ మఠాల్లో ఒక్కదానికే టైముంటే ఏది చూడాలి?

ఒక్కటే అంటే నేనైతే టాబోకే ఓటేస్తానండీ. ఫొటోలకి కీ మఠాన్ని కొట్టేది లేదు, కొండ కొస మీద తెల్లటి గదులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. టాబో బయట నుంచి చూస్తే మాత్రం ఉత్త మట్టి గోడలు, మట్టి కప్పులు, ఇంతేనా అనిపిస్తుంది. మొదటిసారి నాకూ అలాగే అనిపించి ఇరవై నిమిషాల్లో తిరిగొచ్చి జీపెక్కేశాను. పైగా మనాలి నుంచి 4,551 మీటర్ల కుంజుమ్ కనుమ దాటి ఒక్క రోజులో స్పితి ప్రధాన పట్టణం కాజా చేరిన పుణ్యమా అని రెండు రోజులుగా తలనొప్పి, వాంతులు.

రెండోసారి రాత్రి టాబోలోనే ఉండి పొద్దున్నే వెళ్లాను. లోపల లైట్లుండవు, ఫొటోలు తీయనివ్వరు. మొదట అంతా చీకటే. ఓ మూల చతికిలబడ్డాను. కాసేపటికి గోడ మీంచి ఒక చెయ్యి తేలింది, తర్వాత భుజం, ఆ తర్వాత తెలిసింది చుట్టూ గోడలకి ఆనుకుని మనిషంతేసి మట్టి బొమ్మలు ముప్పైకి పైగా ఉన్నాయని. నడుమ నాలుగు దిక్కులా చూస్తూ వైరోచనుడనే బుద్ధుడు. బొమ్మల కింద గోడ మీద, ఒక గురువు దగ్గర్నుంచి ఇంకో గురువు దగ్గరికి తిరిగే సుధనుడనే బౌద్ధ యాత్రికుడి కథ. 996లో పశ్చిమ టిబెట్‌లోని గుగే రాజ్యాన్ని ఏలిన యేషే-ఓ కాలంలో కట్టిన మఠం, రించెన్ జాంగ్పో అనే బౌద్ధ పండితుడు కశ్మీర్ నుంచి పనివాళ్లని తెచ్చాడంటారు. 1975 కిన్నౌర్ భూకంపంలో దెబ్బతిన్నా మట్టి గోడలు నిలబడే ఉన్నాయి.

తాళం తీసిన లామా ఏ ఊరని అడిగితే హైదరాబాద్ అన్నాను, ఊరికే తలూపాడు. సొంతూరు అమరావతి దగ్గర అనగానే "ధాన్యకటకమా!" అని చెయ్యి పట్టుకున్నాడు. అది అమరావతి పాత పేరు. బుద్ధుడు కాలచక్రమనే తాంత్రిక బోధని మొదట చెప్పింది అక్కడేనని టిబెటన్ల నమ్మకం. దలైలామా 1983లో, 1996లో టాబోలో ఇచ్చిన కాలచక్ర దీక్షే 2006 జనవరిలో అమరావతిలోనూ ఇచ్చారు. అప్పుడు మా ఇంటికి పది కిలోమీటర్లు, ట్రాఫిక్ అని వెళ్లలేదు. ఆ ముక్క ఆయనకి చెప్పలేదనుకోండి.

మీరు మాత్రం సిమ్లా వైపు నుంచి, రాంపూర్, రికాంగ్ పియో, నాకో మీదుగా ఆగుతూ వెళ్లండి, ఒంటికి ఎత్తు అలవాటవుతుంది. టాబో 3,280 మీటర్లే, కాజా కంటే కిందే, రాత్రి నిద్ర పడుతుంది. చిన్న టార్చ్ పట్టుకెళ్లండి, గోడ మీద వేసే ముందు లామాని అడగండి. మధ్యాహ్నం భోజనం వేళకి మాత్రం వెళ్లకండి, నేను వెళ్లినప్పుడు తలుపుకి తాళం, చుట్టుపక్కల మనిషి లేడు.