జియాన్‌గువో పేరుకు అర్థం, పిలిచే పద్ధతి (సమాధానం)

మీ చైనా సప్లయర్ పేరు జియాన్‌గువో అని, డెబ్బై దాటిన పెద్దమనిషని రాశారు. పేరుకు అర్థమేంటి, ఎలా పిలిస్తే మర్యాద అని అడిగారు.

‘జియాన్’ అంటే కట్టడం, ‘గువో’ అంటే దేశం. కలిపితే దేశ నిర్మాణం. పలకడం ‘జ్యెన్‌గ్వో’కి దగ్గరగా ఉంటుంది: మొదటి ముక్కకి గొంతు దించాలి, రెండోదానికి ఎత్తాలి.

1949 అక్టోబర్ 1న చైనా ప్రజా రిపబ్లిక్ ఏర్పడింది. ఆ రోజుల్లో చాలామంది మగపిల్లలకు ఈ పేరు పెట్టారు. అందుకే అక్కడ పేరు చూసి వయసు ఇంచుమించుగా చెప్పేస్తారు. 1950లో చైనా కొరియా యుద్ధంలోకి దిగాక ‘యువాన్‌ఛావ్’, అంటే ‘కొరియాకు సాయం’, అనే పేరూ అలాగే వచ్చింది. ఆ ఏడాదే పుట్టిన మాజీ ఉపాధ్యక్షుడు లి యువాన్‌ఛావ్‌ది మొదట అదే పేరు. తర్వాత పలకడం మార్చకుండా అక్షరాలు మాత్రం మార్చుకున్నారు. కాబట్టి అర్థం ఖాయం చేసుకోవాలంటే చైనా లిపిలో రాసిన పేరు చూడాలి. మీ సప్లయర్ విజిటింగ్ కార్డు ఉంటే తీయండి. రెండో అక్షరం నలుచదరపు గడిలా ఉండి, లోపల మూడు అడ్డగీతలు, ఒక నిలువుగీత, పక్కన చిన్న చుక్క ఉంటే అది దేశమనే ‘గువో’. లోపలున్నది పచ్చరాయికి రాసే అక్షరం, నాకెంతో ఇష్టమైన అక్షరమది!

పిలిచేటప్పుడు మాత్రం జియాన్‌గువో అనకండి. పెద్దవాళ్లని ఉత్త పేరుతో పిలవడం అక్కడ బాగుండదు. మనలాగే వాళ్లకీ ఇంటిపేరే ముందు. దానికి ‘షియెన్‌షెంగ్’ చేర్చండి, మన ‘గారు’లాగా.