వాపసు బాణంతో తంటా

ప్రశ్న: మాది నరసరావుపేట. మా మామయ్య ఎరువుల కొట్టుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేనే రాసిచ్చాను. స్క్రీన్ పైన పదకొండు బొమ్మల బటన్లున్నాయి. సరుకు వాపసుకి వెనక్కి తిరిగిన బాణం పెట్టాను. కొట్టులో అబ్బాయిలు అంకె తప్పు కొట్టినప్పుడల్లా దాన్నే నొక్కుతున్నారు, వాపసు బిల్లు తెరుచుకుంటోంది. బొమ్మ ఇంకా బాగా గీయాలా, సార్?
– ఒక పాఠకుడు

జవాబు: అబ్బాయిలది తప్పు కాదు తమ్ముడూ, గీతదీ కాదు. వర్డ్‌లో, ఎక్సెల్‌లో ఆ బాణం అంటే ఇప్పుడు చేసింది రద్దు. వాళ్ల చేతికి అదే అలవాటు. పాతకాలపు ఫ్లాపీ డిస్కుని కంటితో చూడని కుర్రాడు కూడా సేవ్ చేయడానికి ఫ్లాపీ బొమ్మే నొక్కుతాడు కదా! ఊరందరికీ తెలిసిన బొమ్మకి మీరు కొత్త అర్థం కట్టబెట్టలేరు.

నేనూ దెబ్బతిన్నవాణ్ణే. ఒక మందుల షాపుకి చేసినప్పుడు గడువు దాటిన సరుకుకి గడియారం బొమ్మ పెట్టాను. కౌంటర్లో ఆవిడ నొక్కి చూసి, "టైము చూపించదేంటండీ?" అంది. మాత్రల షీటు గీశాను. చిన్నది చేసేసరికి పాచికలా తేలింది. చివరికి బొమ్మ పీకేసి 'ఎక్స్‌పైరీ' అని రాశాను. మళ్లీ ఎవరూ అడగలేదు.

1984లో వచ్చిన ఆపిల్ వాళ్ల మెకింటాష్ కంప్యూటర్‌కి సుసాన్ కేర్ అనే డిజైనర్ 32 గళ్లు వెడల్పు, 32 గళ్లు ఎత్తులో గళ్ల కాగితం మీద బొమ్మలు వేసింది. గడి నింపడమో, వదిలేయడమో, అంతే. మీ బటన్ 24 పిక్సెళ్లదైతే, అంటే స్క్రీన్ మీద 24 చుక్కలదైతే, 24 గళ్లే గీసుకోండి. ఒక బస్తా, దాని వైపు వచ్చే బాణం. బస్తా మీద కుట్లు గీయబోకండి, మరకల్లా కనిపిస్తాయి. కింద 'వాపసు' అని తెలుగులో రాయండి.

తర్వాత అక్షరాలు లేకుండా ప్రింటు తీసి, ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, "ఇది నొక్కితే ఏమవుద్ది?" అని అడగండి. "బాగుందా?" అని మాత్రం అడక్కండి. అడిగేది ఓనరు మేనల్లుడు, బాగోలేదని ఎవరంటారు?

అరువు ఖాతాకి ఏం బొమ్మ పెట్టారో రాయలేదు. రూపాయి గుర్తయితే తీసేయండి. నగదుకీ, డిస్కౌంటుకీ కూడా అదే అతుకుతుంది. బిల్లు రద్దు బటన్ గనక ప్రింటు పక్కనే ఉంటే, ఈ పనులన్నిటికన్నా ముందు దాన్ని దూరం జరపండి. యూరియా కోసం జనం కౌంటరు మీద పడే రోజున మౌసు ఎక్కడుందో చూసే తీరిక ఎవరికీ ఉండదు.