ఛెత్రి గోల్స్ అన్నీ చిన్న జట్ల మీదేనా?

"మన ఫుట్‌బాల్ జట్టుకి ఆడిన సునీల్ ఛెత్రి గోల్స్ చాలావరకు మాల్దీవులు, నేపాల్ లాంటి చిన్న జట్ల మీద కొట్టినవే కదా, అంత గొప్ప ఫార్వర్డ్ ఎలా అవుతాడు?" అని మీరు అడిగారు. బెంగళూరులో మా ఆఫీసు క్యాంటీన్లో ఈ మాట తరచూ వింటూనే ఉంటాను. అనేవాళ్లలో ఎక్కువమంది కంఠీరవ స్టేడియం గడప తొక్కనివాళ్లే.

చిన్న జట్ల మీద కొట్టాడు, నిజమే. మనం ఆడేది వాళ్లతోనే మరి! బ్రెజిల్ వచ్చి మనతో ఆడుతుందా? పెద్ద జట్లు తగిలినప్పుడు ఏం చేశాడో కూడా చూడాలి కదా. 2011 ఆసియా కప్‌లో బహ్రెయిన్ మీద ఒకటి, దక్షిణ కొరియా మీద ఒకటి వేశాడు. 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్‌ని 4-1తో ఓడించిన రోజు రెండు వేశాడు. అందులో రెండోది, సెకండ్ హాఫ్ మొదలైన నిమిషంలోనే బంతిని ఆపకుండా కొట్టింది, ఒకసారి చూసి వచ్చి అప్పుడు మాట్లాడండి. లెక్కలు ఇక చాలు. నేను చెప్పాలనుకున్నది అది కాదు.

2023 జూన్ 21న కంఠీరవలో శాఫ్ ఛాంపియన్‌షిప్ (దక్షిణాసియా దేశాల టోర్నీ), పాకిస్తాన్‌తో మ్యాచ్. మా బావమరిది కర్నూలు నుంచి ఏదో ఇంటర్వ్యూకి వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియని మనిషి. పాకిస్తాన్ పేరు చెబితే వచ్చాడు, లేకపోతే వచ్చేవాడు కాదు. కుండపోత వాన. వీసాలు ఆలస్యమై పాకిస్తాన్ జట్టు ఆ రోజే బెంగళూరులో దిగింది, పాపం వాళ్లకి సరిగ్గా నిద్ర కూడా ఉండి ఉండదు. ఇది మీ వాదనకే బలం, నేను దాచను.

పదో నిమిషం. వాళ్ల గోల్‌కీపర్ దగ్గరికి బంతి వెనక్కి వెళ్లింది. చూసేవాళ్లకి అదొక విరామం లాంటిది; పక్కవాడితో మాట్లాడుకునే టైమ్. ఛెత్రి మాత్రం అప్పటికే పరుగు అందుకున్నాడు. తిన్నగా కూడా కాదు, గోల్‌కీపర్ పాస్ ఇవ్వడానికి ఏ దారి వెతుక్కుంటాడో ఆ దారి మూస్తూ. తడిసిన గడ్డి, మీదికి వస్తున్న మనిషి, ఆ కుర్రాడు తడబడ్డాడు. బంతి ఛెత్రి కాలి దగ్గర, ఎదురుగా ఖాళీ గోల్. తోసేశాడు. స్టేడియం ఊగిపోయింది.

మావాడు మాత్రం తల తుడుచుకుంటూ, "ఇదేం గోల్ బావా, వాడు తప్పు చేస్తే ఈయన తోశాడు, అంతేగా" అన్నాడు. "వాడు తప్పు చేయకముందే ఈయన ఎందుకు పరిగెత్తాడో అది ఆలోచించు" అన్నాను. అప్పటికి ఛెత్రికి 38 ఏళ్లు నిండి, 39వ పుట్టినరోజు దగ్గర్లో ఉంది. ఆ పరుగుల్లో దాదాపు అన్నీ వృథాయే. గోల్‌కీపర్ హాయిగా బంతిని అవతలికి తన్నేస్తాడు, ఈయన మళ్లీ వెనక్కి నడుచుకుంటూ వస్తాడు, ఎవరూ చప్పట్లు కొట్టరు. హాఫ్ టైమ్ దాటాక మావాడే, "అదిగో బావా, మళ్లీ వెళ్తున్నాడు" అని నా మోచెయ్యి పొడవడం మొదలుపెట్టాడు. ఆ మొదటి గోల్ తర్వాత ఛెత్రికి రెండు పెనాల్టీలతో హ్యాట్రిక్ అయింది, మన జట్టులోని ఉదాంత మరొకటి వేశాడు, 4-0. నాకు గుర్తున్నది మొదటిదే. అది ఏ జట్టు మీద కొట్టాడన్నది నాకు అనవసరం. ఆ పరుగు జపాన్ మీదైనా అదే పరుగు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. కంఠీరవలో మైదానం చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉంటుంది. అది దాటి చూడాలి, అవతలి గోల్ దగ్గర ఏం జరిగిందో పక్కవాణ్ని అడిగి తెలుసుకోవాలి. ఇన్నేళ్లయినా ఈ నగరానికి ఫుట్‌బాల్ కోసమే కట్టిన పెద్ద స్టేడియం ఒకటి లేదు. మ్యాచ్ అయ్యాక వానలో ఆటోవాళ్లు చెప్పే రేట్ల గురించి చెప్పకపోవడమే మంచిది. కబ్బన్ పార్క్ మెట్రో దాకా నడిచి వెళ్లండి.

ఇక మన తెలుగువాళ్ల సంగతి. ఛెత్రి 1984లో పుట్టింది సికింద్రాబాద్‌లో, తండ్రి ఆర్మీ ఉద్యోగి. ఛెత్రి రిటైర్ అయిన రోజు మాత్రం "మనవాడే" అని వాట్సాప్ గ్రూపుల్లో దండలు వేశారు. మ్యాచ్‌కి పిలిస్తే ఒక్కడూ రాడు, ఐపీఎల్ టికెట్లు దొరుకుతాయా అని అడుగుతారు. 2018లో ముంబైలో చైనీస్ తైపీ మీద హ్యాట్రిక్ కొట్టిన రోజు చూడటానికి వచ్చింది 2,569 మంది. తిట్టడానికైనా స్టేడియానికి రండి అని పాపం ఆయనే వీడియో పెట్టి బతిమాలుకున్నాడు. అంతెందుకు, తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ మనిషి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టిన ఫార్వర్డ్. 2023 ఫిబ్రవరిలో ఆయన పోతే మా గ్రూపుల్లో ఒక్క మెసేజ్ రాలేదు.

2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0 ఆడి ఛెత్రి అంతర్జాతీయ ఆటకి సెలవు చెప్పాడు. అప్పటికి 151 మ్యాచుల్లో 94 గోల్స్. ఏడాది తిరగకముందే, 40 ఏళ్ల మనిషిని మళ్లీ జట్టులోకి తీసుకొచ్చారు. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో తలతో 95వది వేశాడు. అవునండీ, మాల్దీవుల మీదే. నవ్వుకోండి. కానీ ఆ రోజు ఆయన చోట ఇంకెవరిని దించాలో మీరు ఒక్క పేరు చెప్పండి. క్లబ్బులన్నీ మధ్యలో గోల్ కొట్టేవాడి చోటు విదేశీ ఆటగాడికే ఇచ్చి, మన కుర్రాళ్లని అంచులకి తోస్తున్నాయి. ఛెత్రి క్లబ్ బెంగళూరు 2018-19లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచినప్పుడు కూడా మధ్యలో వెనెజువెలా మికు, ఎడమవైపు ఛెత్రి. ఆయన కాబట్టి అక్కడి నుంచి కూడా కొట్టుకొచ్చాడు. మిగతావాళ్లు అంచు నుంచి మధ్యలోవాడికి బంతులు అందిస్తూనే ముప్ఫై ఏళ్లు దాటేస్తున్నారు.