స్విండన్ కాలేజీ మన ఐటీఐ లాంటిదేనా?

ప్రశ్న: మా అన్నయ్య కుటుంబం ఉద్యోగరీత్యా ఇంగ్లండ్‌లోని స్విండన్ పట్టణంలో ఉంటోంది. ఈ ఏడాది జీసీఎస్‌ఈ (పదహారేళ్లకు రాసే, మన పదో తరగతి లాంటి పరీక్షలు) పూర్తి చేసిన మా మేనల్లుడు, స్కూల్లో కొనసాగకుండా ఊళ్లోని ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీలో (పదహారేళ్లు దాటినవారికి రకరకాల చదువులు, వృత్తులు నేర్పే కాలేజీ) కంప్యూటర్ రంగంలో టీ లెవెల్ అనే వృత్తివిద్యా కోర్సు చేస్తానంటున్నాడు. అక్కడే కార్ల మరమ్మతు, తాపీపని కూడా నేర్పుతారని విని, పిల్లవాడు ఐటీఐలో చేరుతున్నాడని మా అమ్మ బెంగపెట్టుకుంది. ఆ చదువుతో యూనివర్సిటీలో సీటు వస్తుందా? మా వదిన కూడా అక్కడే అకౌంట్స్ నేర్చుకోవాలనుకుంటోంది. ఆమెకూ ఫీజు ఉండదా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మన దగ్గర ఇంటర్, పాలిటెక్నిక్, ఐటీఐ దేని గేటు దానిదే కాబట్టి, ఏ గేటులోంచి లోపలికి వెళ్లాడన్నదాన్ని బట్టే పిల్లవాడి భవిష్యత్తును అంచనా వేయడం మనకు అలవాటైంది. ఇంగ్లండ్ పట్టణాల్లో ఈ మూడూ చాలావరకు ఒకే కాలేజీలో ఉంటాయి. డాక్టరు కావాలని ఏ లెవెల్స్ (మన ఇంటర్ లాంటి చదువు) చదివే అమ్మాయి, వారంలో ఒకరోజు యజమాని పంపగా వచ్చే అప్రెంటిస్ (పని చేస్తూ నేర్చుకునేవాడు), పగలు పని చేసుకుని సాయంత్రం ఇంగ్లిష్ నేర్చుకోవడానికి వచ్చే వలస కార్మికుడు, అందరూ అక్కడి విద్యార్థులే. స్విండన్‌లో ప్రధానంగా ఏ లెవెల్స్‌కు పేరున్న న్యూ కాలేజీ, వృత్తివిద్యలకు పేరున్న స్విండన్ కాలేజీ 2020 ఆగస్టులో విలీనమై, న్యూ కాలేజ్ స్విండన్ పేరుతో నడుస్తున్నాయి.

ఆ ఊరికి ఇలాంటి చదువు కొత్తేమీ కాదు. 1843లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే వర్క్‌షాపు మొదలైన మరుసటి ఏడాదే కార్మికులు మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్‌ను స్థాపించుకుని, గ్రంథాలయాన్ని, ఉపన్యాసాలను నడుపుకున్నారు. ఆ వర్క్‌షాపు 1986లో మూతపడింది. 2021లో హోండా కార్ల కర్మాగారమూ మూతపడింది. సొంత విశ్వవిద్యాలయం లేని అలాంటి ఊళ్లో, నలభై ఏళ్ల వయసులో కొత్త పని నేర్చుకోవలసి వచ్చినవారికి దగ్గరలో కనిపించే తలుపు ఈ కాలేజీయే. తాపీపని, కంప్యూటర్లు పక్కపక్కన ఉండటాన్ని నేను చిన్నతనంగా చూడను.

మీరు చూడవలసింది కోర్సు స్థాయిని, అంటే అక్కడి చదువుల మెట్లలో అది ఎన్నో మెట్టో. జీసీఎస్‌ఈలో మంచి గ్రేడ్లు రెండో స్థాయికి లెక్క. ఏ లెవెల్, టీ లెవెల్ రెండూ మూడో స్థాయివే. 2020లో మొదలైన టీ లెవెల్ రెండేళ్ల కోర్సు. యూనివర్సిటీ ప్రవేశాలకు ఇచ్చే పాయింట్లలో అది 3 ఏ లెవెల్స్‌తో సమానం. అందులో కనీసం 315 గంటలు ఏదైనా సంస్థలో పనిచేయాలి. అయితే కొన్ని విశ్వవిద్యాలయాలు కొన్ని డిగ్రీలకు, ముఖ్యంగా గణితం ఎక్కువగా ఉండేవాటికి, ఏ లెవెల్ గణితమే కావాలంటాయి. కాబట్టి మీ మేనల్లుడు ఏ డిగ్రీ చదవాలనుకుంటున్నాడో దాని అర్హతలను ఇప్పుడే చూసుకోవాలి. రెండేళ్ల తర్వాత చూసుకుంటే లాభం లేదు.

ఆగస్టులో ఫలితాలు వచ్చిన గురువారమే చాలా కాలేజీల్లో చేరికలు మొదలవుతాయి. పిల్లలు మార్కుల కాగితం పట్టుకుని బల్లల ముందు వరుసకడతారు. అవతల కూర్చున్న అధ్యాపకుల చూపు ముందుగా పోయేది గణితం, ఇంగ్లిష్ వరుసల మీదికే. వాటిలో గ్రేడ్ 4 (9 అత్యధికం, 4 అంటే పాస్) రానివారు, ఏ కోర్సులో చేరినా, ఆ సబ్జెక్టును మళ్లీ చదవాల్సిందే. 3 వచ్చినవారు జీసీఎస్‌ఈ పరీక్షే తిరిగి రాయాలి. పైగా టీ లెవెల్ లాంటి కోర్సులకు కాలేజీలు అంతకన్నా మంచి గ్రేడ్లు అడగవచ్చు.

ఇంకో మాట కూడా అడిగి తెలుసుకోమనండి. ఈ కాలేజీల అధ్యాపకుల జీతాలు స్కూలు టీచర్ల జీతాలకన్నా తక్కువ కావడంతో, కంప్యూటర్లు, ఇంజనీరింగ్ చెప్పేవారు పరిశ్రమలకు వెళ్లిపోతుంటారు. కోర్సుకు స్థిరమైన అధ్యాపకులు ఉన్నారా, పని అనుభవానికి ఏ సంస్థలకు పంపుతున్నారు అని ఓపెన్ డే (కాలేజీని చూడటానికి అందరినీ రానిచ్చే రోజు) నాడు నేరుగా అడగడంలో తప్పులేదు. నా దృష్టిలో కొత్త భవనాల కన్నా ఆ జవాబులే ముఖ్యం.

ఇక ఫీజు సంగతి. తల్లిదండ్రులతో చట్టబద్ధంగా అక్కడ ఉంటున్న 16-18 ఏళ్ల పిల్లలకు సాధారణంగా ట్యూషన్ ఫీజు ఉండదు. బస్సు ఖర్చు మాత్రం చూసుకోవాలి. మీ వదినగారి విషయం వేరు. 19 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ సాయం అందాలంటే సాధారణంగా అంతకుముందు వరుసగా 3 ఏళ్లు అక్కడే నివసించి ఉండాలి, వీసా చదువు కోసం తీసుకున్నది కాకూడదు. ఆ గడువు నిండకపోతే పూర్తి ఫీజు కట్టాల్సి రావచ్చు. నిండినా, అన్ని కోర్సులూ ఉచితం కావు. ఆమె వీసా పత్రాలు, ఆ దేశంలో అడుగుపెట్టిన తేదీ చూపించి, డబ్బు కట్టకముందే కాలేజీ ప్రవేశాల కార్యాలయంలో జవాబును రాతపూర్వకంగా తీసుకోమని చెప్పండి.