పెట్టల వీపు మీద ఈకలు ఎందుకు పోయాయి?

ప్రశ్న: మాది ఒడిశా రాయగడ జిల్లా, గుణుపురం దగ్గరి పల్లె. 11 పెట్టలు, 4 పుంజులు ఉండేవి. కొన్ని నాటువి, కొన్ని వనరాజా (పెరట్లో పెంచే మెరుగు జాతి). నెల రోజులుగా పెట్టల వీపు మీద ఈకలు పోయి చర్మం ఎర్రగా కనిపిస్తోంది. మూడింటికి తల, మెడ మీద కూడా రాలుతున్నాయి. గుడ్లు తగ్గాయి. రెండు ముసలి పెట్టల కాళ్లు సున్నం పూసినట్టు పొలుసులు లేచాయి. ఈకల తెగులు అనుకుని పురుగుమందుల షాపులో అడిగితే పత్తికి కొట్టే మందు ఇచ్చారు. దాని పేరు విడిగా రాశాను, డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంది. లీటరుకు 2 మి.లీ. కలిపి వారం తేడాతో రెండుసార్లు కోళ్ల మీద కొట్టాను. రెండోసారి కొట్టిన సాయంత్రమే ఒక పెట్ట చొంగ కారుస్తూ, కాళ్లు పడిపోయి చనిపోయింది. తెగులు ముదిరిందా? ఇంకా బలమైన మందు చెప్పండి.

జవాబు: అమ్మా, ఆ పెట్టను చంపింది తెగులు కాదు, షాపులో ఇచ్చిన మందు. మీరు రాసిన పేరును బట్టి అది ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందు, అంటే నరాలను దెబ్బతీసే విషం. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉందని కూడా రాశారు, అది అతి విషమైన మందుకు గుర్తు. నోట చొంగ, కాళ్లు పడిపోవడం ఆ విషం లక్షణాలే. కోడి తన ఈకల్ని ముక్కుతో సవరించుకుంటుంది కాబట్టి ఒంటి మీద కొట్టిన మందు కడుపులోకి కూడా పోతుంది. ఇంకా బలమైన మందు నేను చెప్పను. ఉన్న డబ్బాను కూడా కోళ్ల దగ్గరకు తేవద్దు. చివరిసారి కొట్టిన రోజు నుంచి కనీసం 3 వారాలు ఆ గుడ్లు, మాంసం ఇంట్లో తినవద్దు, ఇరుగుపొరుగుకు ఇవ్వవద్దు, సంతలో అమ్మవద్దు. చనిపోయిన పెట్టను పారేసి ఉంటే కుక్కలకు అందకుండా లోతుగా గొయ్యి తీసి పూడ్చండి.

ఇక మీరు 'ఈకల తెగులు' అంటున్నది ఒక్కటి కాదు. మూడు వేర్వేరు సంగతులు కలిసి కనిపిస్తున్నాయి.

వీపు సంగతి. మీ ఇంట్లో 10 పెట్టలకు 4 పుంజులు. ఒక పుంజుకు 8 నుంచి 10 పెట్టలు ఉండాలి. పుంజులు ఎక్కువైతే రోజంతా పెట్టల మీదికెక్కి గోళ్లతో వీపు గీరేస్తాయి, రెక్కల మొదళ్లు, నడుము మీద ఈకలు విరిగిపోతాయి. పుంజులకు వీపు బాగానే ఉందా? ఉంటే నా అనుమానం నిజమే. ఒక్క పుంజును ఉంచి మిగతా మూడింటిని ఇప్పుడే వేరే గూట్లో పెట్టండి. వాటి మీద కూడా మందు పడింది కాబట్టి ఆ 3 వారాలు దాటాకే అమ్మండి, సంక్రాంతికి ఎలాగూ ధర ఉంటుంది. వీపు మీద పుండు పడిన పెట్టను విడిగా ఉంచి, పసుపు, వేపనూనె కలిపి పూయండి. ఎర్రగా కనిపిస్తే మిగతా కోళ్లు అక్కడే పొడుస్తాయి.

తల, మెడ సంగతి. వానలు వెనకపడి పగటి పొద్దు తగ్గే రోజుల్లో కోడి పాత ఈకలు రాల్చుకుంటుంది. తల నుంచి మొదలై మెడ, రొమ్ము, వీపు, చివరికి తోక దాకా వస్తుంది. ఈకలు పోయినచోట ముళ్లలాంటి కొత్త మొలకలు తగిలితే అది జబ్బు కాదు. రెండు మూడు నెలలు పడుతుంది, అన్నాళ్లూ గుడ్లు తగ్గుతాయి, దానికి టానిక్కులు కొనక్కర్లేదు. ఈక అంటే దాదాపు అంతా మాంసకృత్తే. నూకలు, చోళ్లు (రాగులు) మాత్రమే వేస్తే కొత్త ఈక ఎక్కడి నుంచి వస్తుంది? బూజు పట్టని వేరుశనగ చెక్క రోజుకు కోడికి 10 గ్రాములు కలపండి. పాత కుండలో ఎండు పేడ, గడ్డి కుక్కి, తడిపి, చెదలున్న చోట రాత్రి బోర్లించండి. తెల్లారేసరికి పట్టిన చెదలు కోడిపిల్లలకూ పెట్టలకూ మంచి మేత.

మూడోది, నేను అసలు అడగాలనుకున్నది. మీరు ఒక్క కోడినైనా చేతిలోకి తీసుకుని ఈకలు విడదీసి చూశారా? ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. గొర్రెను, ఆవును తడిమి చూస్తాం, కోడిని మాత్రం దూరం నుంచి చూసి షాపుకు పోతాం. నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ వాటికి ఇదే మూలం.

చీకటి పడ్డాక, కోళ్లు గూట్లో కుదురుకున్నాక, ఒకరు టార్చి పట్టుకోండి, ఒకరు కోడిని పట్టుకోండి. అప్పుడు అది గింజుకోదు. ముందు మలద్వారం చుట్టూ ఈకలు విడదీయండి, తర్వాత రెక్కల కింద, మెడ, వీపు, కాళ్లు. కోడికి రెండు నిమిషాలు చాలు. ఈక మొదట్లో తెల్లగా గుత్తులుగా ఈపులు (పేల గుడ్లు) అంటుకుని, చర్మం మీద లేత పసుపు పురుగులు పరుగెత్తితే పేలు. మలద్వారం చుట్టూ ఈకలు నల్లగా, జిడ్డుగా, మట్టి అంటినట్టు ఉంటే నల్లి (కోడి రక్తం తాగే సన్నని పురుగు, మంచాల్లో ఉండే నల్లి కాదు). పగలు ఒంటి మీద ఏమీ కనిపించక, తల మీది ఎర్ర జుట్టు మాత్రం పాలిపోయి ఉంటే కోళ్లు కూర్చునే కర్ర అడుగును తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు రక్తపు మరకలంటితే అది పగలు పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం తాగే నల్లి. పంటల్లో ఎర్రనల్లి మీకు తెలుసు, ఇదీ నల్లే గాని వేరే కుటుంబం. మేత లేకున్నా నెలల తరబడి బతుకుతుంది కాబట్టి గూటిని వదిలేసి కోడికి వైద్యం చేస్తే లాభం లేదు.

నల్లి గాని పేలు గాని ఉన్నాయని కళ్లతో చూశాకే ఈ పని చేయండి. ఉదయం కోళ్లు బయటికి వెళ్లగానే గూట్లో పాత గడ్డి, రెట్ట తీసి కాల్చేయండి. పశువుల పిడుదులకు వాడే డెల్టామెత్రిన్ 1.25 శాతం మందును లీటరు నీటికి 2 మి.లీ. కలిపి వెదురు సందులు, గోడ పగుళ్లు, కూర్చునే కర్రల అడుగు తడిచేలా కొట్టండి. పూర్తిగా ఆరేదాకా కోళ్లను లోపలికి రానివ్వకండి. ఈ మందు గూటికే, కోడి మీద కాదు. నల్లి గుడ్లు దీనికి చావవు, అందుకే 10వ రోజున మళ్లీ కొట్టాలి. ఒకసారి కొట్టి ఆపేస్తే మొదటిది వృథా.

కోడి ఒంటికి దుమ్ము స్నానం పెట్టండి. నీడలో, వాన తగలని చోట, అడుగు లోతు గుంటలో జల్లించిన కట్టెల బూడిద 5 కిలోలు, సన్న ఇసుక 5 కిలోలు, గంధకం పొడి అర కిలో కలిపి పోయండి. బాగా చల్లారిన బూడిదే వాడాలి. కోళ్లు వాటంతట అవే వచ్చి దొర్లుతాయి. తడిస్తే మార్చండి.

ముసలి పెట్టల కాళ్లది పొలుసుల కింద తొలిచే మరో రకం నల్లి. గోరువెచ్చని సబ్బునీళ్లలో 5 నిమిషాలు కాళ్లు నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్ది, ఆరాక కొబ్బరినూనె గాని వ్యాజిలిన్ గాని మందంగా పూయండి. రోజు విడిచి రోజు, 3 వారాలు. పొలుసులు పీకవద్దు, కిరసనాయిలు పోయవద్దు. మేకలకు వేసే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందును మీ అంతట మీరు గుడ్లు పెట్టే కోళ్లకు వేయవద్దు.

ఇకముందు 15 రోజులకోసారి రాత్రి ఇలా చూసి, తేదీ గూటి తలుపు మీద సుద్దతో రాయండి. జుట్టు, తమ్మెల మీద కురుపులు, నల్లటి పెచ్చులు కనిపిస్తే అది కోళ్ల మశూచి కావచ్చు, దానికి ఈ మందులేవీ పనిచేయవు. ఆ కోడిని వేరు చేసి మీ బ్లాకు పశువైద్యశాలకు చెప్పండి. 6 నుంచి 8 వారాల వయసున్న పిల్లలుంటే మశూచి టీకా రెక్క పొరలో వేయమని అప్పుడే అడగండి.