అన్నీ పీసీఓఎస్ ఖాతాలో వేయకు

బుజ్జీ,

అన్నయ్య ఫోన్ చేసి అంతా చెప్పాడు. గర్భాశయ ముఖద్వారం దగ్గర క్యాన్సర్ గడ్డ 4 సెంటీమీటర్లు దాటిందనీ, ఆపరేషన్ వద్దని కీమోరేడియేషన్‌కే (కీమో మందూ రేడియేషనూ కలిపి ఇచ్చే చికిత్సకే) నిర్ణయించారనీ, నువ్వేమో "ముందు అండాలు దాచుకుంటాను, ఆ తర్వాతే మొదలుపెట్టండి" అని డాక్టర్ల ముందు తేల్చి చెప్పావనీ. వింటున్నంతసేపూ గుండె దడదడలాడింది. ఫోన్ పెట్టేశాక మాత్రం, ఇంజెక్షన్ అంటే మంచం కింద దూరే పిల్లేనా ఇది అనిపించి కాస్త గర్వం కూడా కలిగింది. పదేళ్లుగా పీసీఓఎస్‌తో, అంటే హార్మోన్లు గాడి తప్పి అండం సరిగా విడుదల కాని జబ్బుతో, వేగుతున్న నీకు ఇప్పుడిది గోరుచుట్టు మీద రోకటిపోటే. ఏడ్చే పని మీ అమ్మానాన్నలు చూసుకుంటున్నారు కాబట్టి నేను పనికొచ్చేవి రాస్తాను.

చిన్న సంగతులు ముందే చెప్పేస్తాను. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒకే ఫైల్లో పెట్టు. వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసి ప్రతి డాక్టరుకీ చూపించు. జుట్టు కోసం వేసుకునే బయోటిన్‌నీ, ఇనోసిటాల్ పొడినీ, ఎవరో ఇచ్చిన మూలికలనీ కూడా రాయి. బయోటిన్ ఎక్కువ మోతాదులో వేసుకుంటే హార్మోన్ పరీక్షలూ ప్రెగ్నెన్సీ పరీక్షా తప్పుగా రావచ్చు. డాక్టరు దగ్గరికి ఒక్కదానివే వెళ్లకు.

ఇక అండాల సంగతి. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు ఇందులో ఒక మేలూ ఒక ప్రమాదమూ ఉన్నాయి. నీ అండాశయాల్లో ఫాలికల్స్ (అండాలుండే చిన్న తిత్తులు) ఎక్కువ కాబట్టి అండాలు ఎక్కువే దొరకవచ్చు, అన్నీ పక్వమైనవి కాకపోయినా. ప్రమాదం ఏమిటంటే, ఇంజెక్షన్లకు అండాశయాలు అతిగా స్పందించి ఉబ్బిపోవడం. దాన్నే ఓహెచ్ఎస్ఎస్ అంటారు. అది వస్తే కడుపులోకి నీరు చేరుతుంది, రక్తం చిక్కబడుతుంది, రేడియేషన్ వెనక్కి పోతుంది. మనకు వెనక్కి పోవడమే పనికిరాదు. అందుకని ఫెర్టిలిటీ డాక్టరును నేరుగా రెండు మాటలు అడుగు. యాంటగనిస్ట్ పద్ధతిలోనే (అండాలు ముందే విడుదల కాకుండా ఆపే మందుతో) చేస్తారా? అండాలు పక్వం కావడానికి ఇచ్చే చివరి ట్రిగ్గర్ ఇంజెక్షన్ హెచ్‌సీజీ కాకుండా జీఎన్ఆర్‌హెచ్ అగోనిస్ట్ ఇస్తారా? ఈ రెండూ ఉంటే ఓహెచ్ఎస్ఎస్ భయం చాలావరకు తగ్గుతుంది. ఇంజెక్షన్ల రోజుల్లో పొద్దున్నే బరువు చూసుకో. రోజులో కిలోకి మించి పెరిగినా, మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా ఆ పూటే ఫోన్ చెయ్యి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా అంతే. క్యాన్సరూ, పెరిగిన ఈస్ట్రోజనూ కలిస్తే రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ అవసరమా అని ముందే అడిగి ఉంచుకో.

"పీరియడ్ వచ్చాక రెండో రోజున రండి" అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. నీకు పీరియడ్ ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? క్యాన్సర్ చికిత్స ముందున్నవాళ్లకు నెలసరితో నిమిత్తం లేకుండా ఏ రోజైనా మొదలుపెట్టవచ్చు, సుమారు రెండు వారాల్లో పూర్తవుతుంది. ఇంకొకటి. మామూలుగా అండాలు తీసే సూది యోని మార్గంలో వెళ్తుంది. నీకు అక్కడే గడ్డ ఉంది, తగిలితే రక్తం ధారకట్టవచ్చు, కణాలు సూది వెంట వెళ్తాయన్న భయమూ ఉంది. పొట్ట మీదుగా తీయడం కుదురుతుందా అని అడుగు. గడ్డ సంగతి ఫెర్టిలిటీ డాక్టరుకు తెలుసులే అనుకోకు. బయాప్సీ రిపోర్టూ ఎమ్ఆర్ఐ రిపోర్టూ నీ చేత్తో ఇవ్వు.

ఇది చెప్పడం నాకు కష్టమే, కానీ ఇంకెవరూ సూటిగా చెప్పకపోవచ్చు. కటి భాగానికి పూర్తి మోతాదు రేడియేషన్ పడ్డాక గర్భసంచి బిడ్డను మోయలేదు. దాచుకున్న అండాలు పనికొస్తాయి, కానీ మోయడానికి మరొకరు కావాలి. చట్టాలు దేశానికొక రకంగా ఉంటాయి కాబట్టి అది కూడా తెలుసుకుని సంతకం పెట్టు. అండాశయాలను రేడియేషన్ పడని చోటికి, పొట్టలో పైకి జరిపి కుట్టే ఆపరేషన్ కూడా ఉంది. ప్రతిసారీ ఫలించదు గానీ ఫలిస్తే మెనోపాజ్ తప్పుతుంది. అండాలు తీసేటప్పుడే ఆ పనీ అవుతుందా అని అడుగు. చేస్తే, అండాశయాలకు వేసిన క్లిప్పులు ఎక్కడున్నాయో రేడియేషన్ డాక్టరుకు తెలియాలి.

ఇప్పుడు అసలు విషయం. దీని మీద నాకు కోపమూ భయమూ రెండూ ఉన్నాయి.

నీకు మధ్యమధ్యలో రక్తం కనపడటం ఎప్పుడు మొదలైంది? ఆరు నెలలు దాటింది కదా. ప్రతిసారీ అందరూ అన్నది ఒకటే: "పీసీఓఎస్ కదా, అలాగే ఉంటుంది." నువ్వూ అదే అన్నావు. హార్మోన్ మాత్రలు రాశారు, కొన్నాళ్లు తగ్గింది, మళ్లీ వచ్చింది, మాత్ర మార్చారు. కడుపు స్కానింగ్ చేస్తే అండాశయాల్లో ముత్యాల్లాంటి ఫాలికల్స్ కనిపించాయి, అందరికీ సమాధానం దొరికిపోయింది. స్పెక్యులమ్ (యోనిని తెరిచి చూసే పరికరం) పెట్టి ముఖద్వారాన్ని కళ్లతో చూసినవాళ్లు ఎవరూ లేరు. ఈ పొరపాటు నీ ఒక్కదానికే జరగలేదు, పాతకాలం నుంచీ ఉన్నదే. ఒక జబ్బు పేరు ముందే రాసి ఉంటే కొత్త లక్షణాన్ని దాని కిందే రాసేయడం సులువు.

తేడా ఎక్కడుందో చెబుతాను, విను. పీసీఓఎస్‌లో అండం విడుదల కాదు, ప్రొజెస్టరాన్ తయారవదు, గర్భసంచి లోపలి పొర నెలల తరబడి మందంగా పెరిగి ఒక్కసారిగా ఊడుతుంది. కాబట్టి రెండు మూడు నెలలు ఏమీ ఉండదు, తర్వాత పది పదిహేను రోజులు ఉధృతంగా పోతుంది. ముఖద్వారం గడ్డ నుంచి వచ్చే రక్తానికి ఈ లెక్క లేదు. కలయిక తర్వాత, గట్టిగా ముక్కినప్పుడు, లోపలి పరీక్ష చేసిన వెంటనే, అంటే గడ్డకు ఏదైనా తగిలినప్పుడు వస్తుంది. దాంతోపాటు నీళ్లలాంటి, కొన్నిసార్లు దుర్వాసన వచ్చే స్రావం ఉంటుంది. కలయిక తర్వాత రక్తం కనపడితే పీసీఓఎస్ సరైన జవాబు కాదు, ముఖద్వారాన్ని చూసి తీరాలి. పొట్ట మీద చేసే స్కానింగ్ ముఖద్వారంలోని చిన్న గడ్డను పట్టుకోలేకపోవచ్చు. ముఖద్వారం కణాలు తీసి చూసే పాప్ స్మియర్ నార్మల్ అని వచ్చినా కంటికి గడ్డ కనిపిస్తే బయాప్సీ చేయాల్సిందే. ఎందుకంటే గడ్డ మీద చచ్చిన కణాలూ రక్తమూ చీమూ ఉంటే స్మియర్‌లో అవే వస్తాయి, అసలు కణాలు రాకపోవచ్చు. ఇంకో మోసం కూడా ఉంది. హార్మోన్ మాత్రలు వేస్తే గర్భసంచి నుంచి వచ్చే రక్తం తగ్గుతుంది, దాంతో మందు పనిచేసిందనిపిస్తుంది. గడ్డ మాత్రం అలాగే ఉంటుంది.

అయిపోయిన దాన్ని ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, ఇదే పొరపాటు ముందు ముందు ఇంకో రెండు మూడు చోట్ల నీకోసం కాచుకుని ఉంది. చికిత్స అయ్యాక నెలసరి ఆగిపోతే "నాకు ఆగడం అలవాటే" అనకు. అండాశయాలు పనిచేస్తూనే ముఖద్వారం మూసుకుపోయి రక్తం లోపలే నిలిచి ఉండవచ్చు. రక్తం రాకుండా పొత్తికడుపు నొప్పి విడతలుగా వస్తుంటే స్కానింగ్ చేయించు. చికిత్స ముగిసిన ఏడాదికో రెండేళ్లకో మళ్లీ రక్తం కనపడితే, ఒక్క చుక్కయినా సరే, పీసీఓఎస్ మాట ఎత్తకుండా క్యాన్సర్ డాక్టరుకే చూపించు. నీరసం, నిద్రలేమి, దిగులు, వీటన్నింటినీ నువ్వు హార్మోన్ల మీదికి తోసేస్తావు. హిమోగ్లోబిన్ చూపించుకో. రేడియేషన్ జరిగేటప్పుడు చాలా చోట్ల 10 కంటే తగ్గనివ్వరు.

నీకు పీసీఓఎస్ ఉండటం వల్ల ఇది రాలేదు, అర్థమైందా? కారణం దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ వైరసే. అది ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి ఎవరి వల్ల, ఎప్పుడు అని లెక్కలు తీయకు, తీసేవాళ్ల మాట వినకు. గర్భనిరోధక మాత్రలు 5 ఏళ్లకు పైగా వాడితే ముప్పు కొంత పెరుగుతుందన్నది నిజమే, మానేశాక తగ్గుతూ వస్తుంది. నీ పీసీఓఎస్‌కి ఆ మాత్రలు అవసరమయ్యాయి, వాడావు. అంతటితో వదిలెయ్.

చికిత్సలో బయటి రేడియేషన్ వారానికి ఐదు రోజులు, 25 నుంచి 28 సార్లు, మొత్తం 45 నుంచి 50 గ్రే (రేడియేషన్ కొలత) వరకు. వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, సాధారణంగా ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 40 మిల్లీగ్రాముల లెక్కన, 5 లేదా 6 సార్లు. చివర్లో బ్రాకీథెరపీ, అంటే లోపలి నుంచి గడ్డ దగ్గరే ఇచ్చే రేడియేషన్. అంతా కలిపి 8 వారాల్లో పూర్తవాలి. ఒంట్లో బాగోలేదని నీ అంతట నువ్వు రోజులు ఎగ్గొట్టకు. రోజూ ఒకే సమయానికి చెప్పినంత నీళ్లు తాగి, మూత్రాశయాన్ని ఒకేలా నింపుకుని పడుకో. ఒకరోజు నిండుగా, ఒకరోజు ఖాళీగా ఉంటే గర్భసంచి కదిలి గురి తప్పుతుంది.

ఇక్కడ పీసీఓఎస్‌కి నువ్వు వేసుకునే మెట్‌ఫార్మిన్ గురించి. సిస్‌ప్లాటిన్ కిడ్నీలను దెబ్బతీస్తుంది. వాంతులో విరేచనాలో పట్టుకుని నీళ్లు నిలవని రోజు మెట్‌ఫార్మిన్ వేసుకుంటే లాక్టిక్ ఆసిడ్ పేరుకుపోయే ప్రమాదం ఉంది. ఆ రోజు ఆపి ఫోన్ చెయ్యి. కిడ్నీల పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గితే అసలు వాడకూడదు. పెట్ స్కాన్‌కు (క్యాన్సర్ ఎక్కడెక్కడ ఉందో చూసే స్కాన్‌కు) ముందు కూడా చాలాసార్లు 48 గంటలు ఆపమంటారు, లేకపోతే పేగులన్నీ వెలిగిపోయి బొమ్మ చదవలేరు. అవాంఛిత రోమాలకు వాడే స్పైరనోలాక్టోన్ కీమో మొదలవ్వక ముందే చూపించు, కిడ్నీ కాస్త దెబ్బతింటే పొటాషియం పెరిగిపోతుంది. నెలసరి నొప్పికి మెఫెనమిక్ మాత్ర వేసుకునే అలవాటు ఉందిగా, కిడ్నీల కోసం అది ఇప్పుడు ముట్టకు. వాంతులకు ఇచ్చే డెక్సామెథసోన్ షుగర్‌ను పెంచుతుంది. పొద్దున ఇస్తే మధ్యాహ్నం, సాయంత్రం పెరిగి మర్నాటి పరగడుపుకు మామూలుగా ఉండవచ్చు. కాబట్టి పరగడుపు రీడింగ్ చూసి సంబరపడకు, మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు చూడు.

బరువు తగ్గే ప్రయత్నం ఈ రెండు నెలలూ మానెయ్. పదేళ్లుగా నీకు అందరూ చెప్పింది దానికి ఉల్టా అని తెలుసు. పీచు తినమని చెప్పిన నోటితోనే, విరేచనాలు మొదలైతే పీచు తగ్గించమంటారు. రేడియేషన్ వాళ్లు చెప్పిందే వినాలి. పొత్తికడుపు, తొడల పైభాగం దగ్గర వ్యాక్సింగ్, లేజర్ పూర్తిగా బంద్. అంతగా కావాలంటే ఎలక్ట్రిక్ రేజర్ వాడు.

చికిత్స అయిపోయాక రెండు నుంచి నాలుగు వారాల్లో, పుండు తగ్గగానే డైలేటర్ (యోని మూసుకుపోకుండా లోపల పెట్టుకునే గొట్టంలాంటి పరికరం) మొదలుపెట్టమంటారు. వారానికి రెండు మూడుసార్లు, 5 నుంచి 10 నిమిషాలు, నీటితో తయారైన జెల్‌తో. సిగ్గుపడి మానేస్తే యోని గోడలు అతుక్కుపోతాయి, తర్వాత డాక్టరు పరీక్ష చేయడానికే వీలుండదు. అండాశయాలు ఆగిపోతే వేడి ఆవిర్లు వస్తాయి, ఎముకలు పలచబడతాయి. నీ క్యాన్సర్ స్క్వామస్ రకమైతే హార్మోన్ చికిత్సకు అడ్డులేదు, అడినోకార్సినోమా అయితే ఇంకాస్త ఆలోచిస్తారు. బయాప్సీ కాగితం తీసి చూడు, ఏ రకమో రాసి ఉంటుంది. గర్భసంచి ఒంట్లోనే ఉంటుంది కాబట్టి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇస్తే సరిపోదు, ప్రొజెస్టరాన్ కూడా ఉండాలి. నెలసరి ఆగింది కాబట్టి పీసీఓఎస్ వదిలిందనుకోకు. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం అలాగే ఉంటుంది. బీపీ, కొలెస్టరాల్ ఏటా చూపించు, 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష ఒకటి నుంచి మూడేళ్లకోసారి. క్యాన్సర్ చెకప్‌లు మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకోసారి, తర్వాత ఐదేళ్లదాకా ఆరు నెలలకోసారి ఉంటాయి.

రాత్రిళ్లు ఏడుపొస్తే ఏడువు, నాకు ఫోన్ చెయ్యి, వేళ చూసుకోకు. కానీ రేపు పొద్దున మాత్రం ముందు ఫెర్టిలిటీ డాక్టరుకు ఆ ఎమ్ఆర్ఐ రిపోర్టు పంపు. ప్రతి కీమోకు ముందు క్రియాటినిన్ అనే కిడ్నీ పరీక్షతో పాటు మెగ్నీషియం కూడా రాయమని అడుగు, చాలామంది మర్చిపోతారు.

అత్త